రెండు చుక్కల వెడల్పు

"మా చేను మునగలేదని చెప్పిన కంప్యూటరు ఎక్కడుందండి?"

ల్యాబు గుమ్మంలో నిలబడి ఆ మాట అడిగిన మనిషికి యాభై ఏళ్లుంటాయి. చంకలో గుడ్డసంచి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. లోపల ఉన్నది ప్రసన్నకుమారి ఒక్కతే. రాజమండ్రిలోని ఆ ఇంజనీరింగు కాలేజీలో ఆమె పాఠాలు చెబుతుంది. పాఠాలు లేని వేళల్లో పంటనష్టం మ్యాపుల ప్రాజెక్టు ఆమె నెత్తిన ఉంటుంది. ల్యాబులో కంప్యూటర్లు పన్నెండున్నాయి. అందులో దేన్ని చూపించాలో తెలియక, "లోపలికి రండి, కూర్చోండి" అంది.

వచ్చినామె కూర్చోలేదు. తన పేరు రత్నమాణిక్యం అనీ, ఊరు నరసాపురం అవతల కొప్పులమెరక అనీ, తెల్లారకుండా బయల్దేరి మూడు బస్సులు మారి వచ్చాననీ చెప్పింది. కాగితం విప్పి బల్ల మీద పరిచి, మడతలు పోయేలా అరచేత్తో రెండుసార్లు రాసింది. అది ఆ ఊరి మ్యాపు. ఆగస్టు వానలకి మునిగిన పొలాలు నీలం, మునగనివి పసుపు. చూడగానే ప్రసన్నకుమారి గుర్తుపట్టింది. తన చేత్తో చేసిన మ్యాపే.

"రైతు కేంద్రంలో దుర్గాసాయిగారిచ్చారండి. ఊళ్లో పంటలు రాసుకెళ్లేది ఆయనే. 'నేను కాదు పిన్నిగారూ, రాజమండ్రి కంప్యూటరు తేల్చింది, నన్నేం చేయమంటారు' అన్నారు. పోనీ దాన్నే అడుగుదామని వచ్చాను. శనివారం జాబితా మూసేస్తారంట. అందులో పేరు లేకపోతే పరిహారం లేదు, రెండో పంట దాళ్వాకి విత్తనాలూ ఇవ్వరు."

ఆ రోజు మంగళవారం. ప్రసన్నకుమారి ఫైలు తెరిచి ఉపగ్రహం తీసిన అసలు బొమ్మ చూపించింది. నలుపూ తెలుపూ చుక్కలు కలిసిపోయి, తడి ఇసుక చల్లినట్టుంది.

"మబ్బుల్లోంచి కూడా తీస్తుందండి ఇది. కానీ ఇలా గరుగ్గా వస్తుంది."

"ఇందులో మా చేనేది?"

మురుగు కాలవ పక్కన సన్నటి ముక్క. ప్రసన్నకుమారి బాణం గుర్తు తీసుకెళ్లి అక్కడ ఆపింది. రెండు చుక్కల వెడల్పు, పది చుక్కల పొడవు.

"ఇంతేనా!" అంది రత్నమాణిక్యం. తన అరెకరాన్ని ఎవరో ఎగతాళి చేసినట్టు ఆమె మొహం ముడుచుకుంది.

"ఈ గరుకులో ఏ చుక్క నీళ్లో, ఏది కాదో చూసి చెప్పలేమండి. అందుకని కంప్యూటరు ఇలా ఉండొచ్చు అని ఒక మ్యాపు గీస్తుంది. దాన్ని అక్కడక్కడా మార్చి ఇంకోటి గీస్తుంది. అలా ఐదువేల మ్యాపులు. గీసేటప్పుడు ప్రతి చుక్కకీ రెండు సంగతులు చూస్తుంది. ఆ చుక్క ఎంత నల్లగా ఉంది, దాని పక్క చుక్కలు ఏమయ్యాయి."

"పక్కవాళ్లతో నాకేం పనండి?"

"పక్కపక్క పొలాలు మామూలుగా ఒకేలా ఉంటాయి కదండి."

"మా పక్కది బుల్లిరాజుగారిది. మాకంటే జానెడు మెరక. ఆయనా మేమూ ఎప్పుడు ఒకేలా ఉన్నామండి?"

ఆ ప్రశ్న పొలం గురించో, మనుషుల గురించో ప్రసన్నకుమారికి అర్థం కాలేదు. పట్టికలో ఆ చేను నంబరు వెతికింది. "ఆ ఐదువేల మ్యాపుల్లో, వందకి నలభై ఒక్కసారి మీ చేను మునిగిందండి. యాభై దాటితేనే నీలం రంగు వేస్తాం."

రత్నమాణిక్యం కాసేపు ఆలోచించింది. తరవాత, లెక్క తప్పిన పిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఒక్కసారే మునిగిందండి. ఆరు రోజులున్నాయి నీళ్లు."

ఐదేళ్లుగా ప్రసన్నకుమారి ఇదే సబ్జెక్టు చెబుతోంది. ఏ విద్యార్థీ ఈ మాట అనలేదు, ఇది అసలు ప్రశ్నే కాదు. రెండురోజుల్లో మళ్లీ చూస్తానని చెప్పి, క్యాంటీన్లో టీ తాగించి, నంబరు తీసుకుని పంపింది. వెళ్లేముందు రత్నమాణిక్యం గుమ్మం పక్క కంప్యూటరు వైపు చేయి చూపించి, "దాన్ని బాగా అడగండి మేడం" అంది. అది పాడైపోయి ఆరునెలలైంది.

*

బుధవారం క్లాసులయ్యాక ప్రసన్నకుమారి కూర్చుంది. పక్క చుక్కల మాట ఎంత వినాలో చెప్పే అంకె ఒకటుంది, ల్యాబులో దాన్ని బీటా అంటారు. కొప్పులమెరకకి అది బాగా పెద్దదిగా ఉంది. చేత్తో కొంచెం తగ్గించి నడిపింది. రత్నమాణిక్యం చేను నలభై ఒకటి నుంచి నలభై ఆరుకి వచ్చింది. ఇంకొంచెం తగ్గించింది, అరవై మూడైంది, నీలం. ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ మ్యాపు మొత్తం చూస్తే ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. ఊరి నిండా నీలం మరకలు. హైస్కూలు ఆటస్థలం మునిగింది. సిమెంటు రోడ్డు మునిగింది. నున్నగా ఉన్నవన్నీ ఆ బొమ్మలో నీళ్లలాగే నల్లగా కనపడతాయి మరి. పక్కవాళ్ల మాట వింటే రత్నమాణిక్యం చేను పోతుంది. వినకపోతే బడి మునుగుతుంది.

మధ్యలో ఒక అంకె పెట్టింది, వేరే ఊరు వచ్చింది. ఇంకొకటి పెట్టింది, ఇంకో ఊరు. సాయంత్రానికి ఆమె దగ్గర పదకొండు కొప్పులమెరకలున్నాయి. ఏ ఊళ్లో రత్నమాణిక్యం నివసిస్తోందో చెప్పగల దిక్కు లేదు.

ప్రాజెక్టు పెద్ద గణేష్‌బాబు. మంచివాడు, ఎవరినీ కసరడు, ఏ పనీ ఆలస్యం కానివ్వడు. ఆయన వచ్చి ఆమె వెనక నిలబడి తెర చూశాడు.

"చేత్తో తిప్పితే ఎలా ప్రసన్నా? ఒకళ్లు బస్సెక్కి వచ్చారని తిప్పితే, రాలేనివాళ్ల సంగతేంటి?"

"బీటా ఎక్కువగా ఉందనిపిస్తోంది సర్."

"అది మనం పెట్టింది కాదు కదమ్మా. మీరు పొలాల్లో తిరిగి రాసుకొచ్చిన ఎనభై చోట్ల నుంచి వచ్చింది. ఆ ఎనభై చోట్లా పక్కపక్కవి ఒకేలా ఉన్నాయని మీరే రాశారు. అది నమ్మింది."

ఆయన మాటలో తప్పు లేదు, అదే ఆమెకి చిరాకు తెప్పించింది. ఎనభై చోట్లూ రాసింది తనే. ఆగస్టులో నలుగురు విద్యార్థుల్ని వెంటేసుకుని వెళ్లింది. అక్కడ ఏం చూసిందో గుర్తు తెచ్చుకోబోతే నీళ్లు, ఎండ, విద్యార్థుల అరుపులు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. గురువారం సెలవు పెట్టి కొప్పులమెరక వెళ్లింది.

*

ఊరికి పైన పంటకాలవ, కింద మురుగు కాలవ. కాలవ గట్టు మీదే రోడ్డు. దుర్గాసాయి మోటారు సైకిలు ఆపి, "ఇక్కణ్నుంచి ఊరంతా కనపడుతుందండి" అన్నాడు. ముప్పై ఏళ్లవాడు, మూడు ఊళ్లు ఒక్కడే చూస్తాడు, చొక్కా జేబులో మూడు పెన్నులుంటాయి.

ప్రసన్నకుమారి అక్కడ నిలబడగానే గుర్తొచ్చింది. ఆ రోజు ఆదివారం. చర్చిలో ఆరాధన అవగానే తెల్ల చీరతోనే కారెక్కింది. కింద మోకాలి లోతు బురద. విద్యార్థులు దిగబోతే, "వద్దు, జారతారు, ఇక్కణ్నుంచే రాయండి" అంది. గట్టు వెంబడి నడుస్తూ ఎనభై చోట్లూ గట్టు మీద నుంచే రాసుకున్నారు. గట్టు పక్క పొలాలన్నీ మెరక. నీళ్లు వచ్చినా రెండు రోజుల్లో దిగిపోతాయి, ఒకటి దిగితే పక్కదీ దిగుతుంది. పల్లం అంతా అటు చివర, మురుగు కాలవ పక్కన ఉంది. అటు ఒక్కళ్లూ వెళ్లలేదు. కంప్యూటరు పొరపాటు పడలేదు, తను చెప్పింది చెప్పినట్టు నమ్మింది. చీరకి బురద అంటుతుందని ఐదువేల మ్యాపులు తప్పు గీయించానని ఆమెకి తల కొట్టేసినట్టయింది.

రత్నమాణిక్యం చేను దగ్గరికి వెళితే ఇంకో చిక్కు. చేను పచ్చగా, ఏపుగా ఉంది. ప్రసన్నకుమారి అటూ ఇటూ చూసింది. బుల్లిరాజు చేనుకీ దీనికీ తేడా కనపడలేదు.

"అదేనండి నేను చెప్పేది" అన్నాడు దుర్గాసాయి. "నేనొచ్చేసరికి ఇలాగే పచ్చగా ఉంది. ఫోటో తీశాను, అదీ పచ్చగానే వచ్చింది. మునిగిందని ఎలా రాయమంటారు?"

"మళ్లీ నాటాం కదండి!" అంది రత్నమాణిక్యం. "నీళ్లు తీయగానే చేనంతా కుళ్లిపోయింది. మెరక వాళ్ల దగ్గర నారు మిగిలింది. మిగులు నారు మా వైపు ఎవరూ అమ్మరండి, అడిగినోళ్లకి ఇచ్చేస్తారు. తెచ్చి రెండు పూటల్లో నాటేశాం. నారు ముదిరిపోతుంది గానీ, మీరొచ్చి ఫోటో తీసేదాకా ఆగుతుందా?"

కష్టపడి చక్కగా చేసుకున్న పని ఆమె సాక్ష్యాన్ని చెరిపేసింది. మళ్లీ నాటకుండా గట్టు మీద ఏడుస్తూ కూర్చున్నవాళ్ల చేలన్నీ ఫోటోల్లో మునిగే ఉన్నాయి.

"ఏదైనా గుర్తు మిగిలి ఉంటుందాండీ?" అని అడిగింది ప్రసన్నకుమారి.

"దిగండి మరి."

చెప్పులు విడిచి, చుడీదారు మడిచి ఆమె దిగింది. రత్నమాణిక్యం ఆమె చేయి పట్టుకుని రెండు వరసల మధ్య బురదలోకి మణికట్టు దాకా దించింది. మెత్తటి బురదలో వేళ్లకి ఏదో తగిలింది. పీకితే నల్లగా, జిగురుగా, కుళ్లిన వరి మొదలు వచ్చింది. కంపు కొట్టింది. జానెడు అవతల ఇంకొకటి. పాత వరస. దాని మీద పడకుండా ఇవతలగా కొత్త వరస వేశారు. తరవాత బుల్లిరాజు చేలో చేయి పెట్టించింది. బురదే గానీ ఏమీ తగల్లేదు. పైకి రెండూ ఒకే పచ్చదనం.

ఆ రోజంతా మురుగు కాలవ వెంబడి తిరిగారు. ప్రతి చేలో మూడు చోట్ల చేయి పెట్టడం, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టడం, పాత మొదళ్లు ఉన్నాయో లేదో రాయడం. ఆ చేలన్నిట్లో కూలికి నాట్లు వేసింది రత్నమాణిక్యం జట్టే, ఏది మళ్లీ నాటారో ఆమెకి తెలుసు. ముందే చెప్పొద్దని ప్రసన్నకుమారి బతిమాలింది. చెప్పకుండా ఉండటం ఆమెకి చేతకాక, ప్రతి గట్టు దగ్గరా పెదాలు బిగించి ఆకాశం వైపు చూసేది. ఒక చేలో మాత్రం ఎంత వెతికినా ఏమీ తగల్లేదు. రత్నమాణిక్యం తనే దిగి నాలుగు చోట్ల వెతికింది.

"ఇదీ మునిగిందనుకున్నానే" అంది తెల్లబోయి. "అయితే నాది కూడా నేను అనుకున్నదేనాండీ?"

"మీదాంట్లో మొదళ్లు దొరికాయి కదండి."

"ఆయ్. దొరికాయి, దొరికాయి" అంటూ చేతులు కడుక్కుంది గానీ, ఆ తరవాత గట్ల దగ్గర ఆకాశం వైపు చూడటం మానేసింది.

చీకటి పడకముందే ముప్పై ఒక్క చేలు అయ్యాయి. దుర్గాసాయి గట్టు మీదే ఉండి చెప్పులకి కాపలా కాశాడు.

*

శుక్రవారం పొద్దున్న కొత్త అంకెలన్నీ ఎక్కించి నడిపింది. ఈసారి బీటాని ఎవరూ తిప్పలేదు, అదే దిగింది. మురుగు కాలవ పక్క పందొమ్మిది చేలు నీలమయ్యాయి. వచ్చేముందు ఆటస్థలంలోనూ, సిమెంటు రోడ్డు మీదా నిలబడి రాసుకొచ్చింది కాబట్టి అవి పొడిగానే ఉన్నాయి. గణేష్‌బాబు చూసి, "ఇదమ్మా పని!" అన్నాడు.

కానీ ఆయన పెట్టిన నియమం ఒకటుంది, న్యాయమైన నియమమే. ఫిర్యాదు చేసినవాళ్ల చేను లెక్కలో కలపకూడదు, బయట ఉంచి, మ్యాపు దాన్ని సరిగ్గా పట్టుకుందో లేదో చూడాలి. రత్నమాణిక్యం చేను అలా బయట ఉంది. దాని ఎదురుగా నలభై తొమ్మిది అని వచ్చింది.

ప్రసన్నకుమారి తెరకి దగ్గరగా జరిగింది. నలభై తొమ్మిదే. ఒకవైపు బుల్లిరాజు మెరక, ఒకవైపు గట్టు గడ్డి, మధ్యలో రెండు చుక్కల వెడల్పు. ఐదువేల మ్యాపులూ ఏ అంకెతో మొదలుపెడితే దాన్నిబట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. మొదలు అంకె మార్చి నడిపింది. యాభై ఒకటి! చేయి మౌసు మీద ఆగిపోయింది. ఇది ఉంచుకుని పాతది తీసేస్తే చాలు, ఎవరూ అడగరు. ఇంకోసారి నడిపింది, నలభై ఎనిమిది. ఇంకోసారి, యాభై. ఒక బతుకు ఇలా ఊగుతుంటే తను కూర్చుని నచ్చిన అంకె కోసం ఎదురుచూస్తోందని తెలిసి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. మొదలు అంకె ప్రభావం పోయేలా లక్ష మ్యాపులు గీయించింది. మధ్యాహ్నానికి తేలింది. నలభై తొమ్మిదిన్నర.

ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల బస్సు హారను, కోళ్లు.

"మిగతావాళ్లవి వచ్చాయాండీ?"

"పందొమ్మిది వచ్చాయండి."

"నాది రాలేదు."

"కొంచెంలో పోయిందండి. కంప్యూటరుకి తెలియడం లేదు."

"మీకు తెలీదా?"

"నాకు తెలుసు. నేను చేయి పెట్టి చూశాను కదండి."

"మరి దాన్నెందుకు అడగడం? మీకు తెలిసింది మీరే చెప్పొచ్చు కదా!"

ఇన్నేళ్లలో ఆమెని ఎవరూ అలా అడగలేదు. అడిగినవాళ్లందరూ మ్యాపునే అడిగారు. తనకి తెలిసినదాన్ని ఇన్ని వేల మ్యాపుల వెనక ఎందుకు నిలబెట్టిందో తనకే తెలియలేదు.

"మనం మ్యాపు ఇచ్చేవాళ్లమే గానీ సాక్షులం కాదమ్మా" అన్నాడు గణేష్‌బాబు. "రేపు ప్రతి చేనుకీ మీ సంతకం కావాలంటారు."

"అంటారేమో సర్. తెలీదు."

ఆయన ఆమె మొహం చూసి, "కాలేజీ లెటర్‌హెడ్ మీద మాత్రం వద్దు" అని వెళ్లిపోయాడు. తెల్ల కాగితం మీద రాసింది: మ్యాపు ప్రకారం ఈ చేను తేలలేదు. నేను దిగి చూశాను. పాత మొదళ్లు కుళ్లి ఉన్నాయి, వాటి పక్కన మళ్లీ నాటారు. కింద సంతకం చేసి, ఫోటో తీసి దుర్గాసాయికి పంపింది.

పావుగంటలో అతను ఫోను చేశాడు. "చూసిన తేదీ సెప్టెంబరు వేశారు మేడం. ఆగస్టు అని వేయండి, గొడవుండదు. మీరు ఆగస్టులో కూడా వచ్చారు కదా?"

వచ్చింది నిజమే. ఒక్క నెల మారిస్తే ఆ కాగితం గట్టిపడుతుంది, అబద్ధం చెప్పేది నిజం కోసమే. ఆమె కలం తీసింది కూడా. "లేదండి. నేను చూసింది నిన్ననే" అంది చివరికి.

"అలాగైతే నిలబడదండి. పై ఆఫీసులో అడుగుతారు. నీళ్లు పోయాక నాట్లు పడేలోపు రైతు కేంద్రం వాళ్లు ఎందుకు చూడలేదని."

"ఎందుకు చూడలేదండి?"

"మూడు ఊళ్లండి" అన్నాడు. "దగ్గరున్న రెండు ఊళ్లూ ముందు చేసుకున్నాను. ఇక్కడికి పన్నెండో రోజు వచ్చాను. ఆవిడ తొమ్మిదో రోజుకే నాటేసింది."

తరవాత అతను, "సరే, మీ కాగితం కిందే రాస్తానండి, ఆలస్యంగా వెళ్లానని. అదొక్కటే తక్కువైంది దీంట్లో" అన్నాడు.

"మీకు మెమో ఇస్తారేమో?"

"ఇస్తారండి" అన్నాడు దుర్గాసాయి.

సోమవారం ఆమె క్లాసులో ఉండగా ఫోను మోగింది. బయటికి వచ్చి ఎత్తింది. రత్నమాణిక్యం గొంతు రైతు కేంద్రం దగ్గరి జనం గోలలోంచి వినపడింది.

"పేరుందండి మేడం! చివర్న ఉంది. అందరి పేర్ల పక్కనా మ్యాపు ప్రకారం అని ఉందంట. నా పేరు పక్కన మాత్రం వేరేలా రాశారు. చదివించుకున్నాను. మ్యాపు ప్రకారం కాదు, చూసినవాళ్ల మాట మీద అని ఉందంట." ఆమె గొంతు తగ్గింది. "నా ఒక్కదానికే అలా రాశారు. మంచిదేనాండీ అది? రేపు తీసేయరు కదా?"

ప్రసన్నకుమారి చెప్పబోయింది. తీసేయరని చెప్పగల అంకె ఏదీ తన దగ్గర లేదు.

"మంచిదేనండి" అంది. "తీసేస్తే చెప్పండి. నేను మళ్లీ వచ్చి చెబుతాను."